ఆదివారం పూట ఏటి దగ్గర

తొలకరి పడింది. కొండలు పచ్చబడుతున్నాయి. జలపాతాల వీడియోలు అప్పుడే ఫోన్లలో తిరుగుతున్నాయి. వచ్చే ఆదివారం ఎక్కడికి పోదామా అని ఇళ్ళలో, హాస్టళ్ళలో, ఆఫీసుల్లో మాటలు నడుస్తున్నాయి. వెళ్ళండి. మన దేశంలో చూడదగ్గ చోట్లకు కొదవ లేదు. కాకపోతే బయల్దేరే ముందు ఒక్క పది నిమిషాలు నా మాట వినండి.

ముందుగా కొన్ని తేదీలు. 2014 జూన్ 8, హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది: హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్ళిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు. 2017 నవంబర్ 12, విజయవాడ దగ్గర కృష్ణానది, పవిత్ర సంగమం: ఇరవై మందికి పైగా. 2019 సెప్టెంబర్ 15, గోదావరి, కచ్చులూరు: యాభై మంది దాకా. 2022 అక్టోబర్ 30, గుజరాత్‌లోని మోర్బీలో వేలాడే వంతెన: 135 మంది. 2024 జూన్ 30, లోనావాలాలో భుశీ డ్యామ్ వెనక జలపాతం: ఒకే కుటుంబంలో ఐదుగురు. 2025 జూన్ 15, పుణె దగ్గర ఇంద్రాయణి నది మీద పాత ఇనుప వంతెన: నలుగురు.

ఆరూ ఆదివారాలే. కావాలంటే పాత క్యాలెండర్లు తీసి చూసుకోండి.

ఆ వారానికేదో దోషముందని నేననడం లేదు. ఆ రోజు మనం ఎలా ఉంటామో గమనించమంటున్నాను. వారమంతా చాకిరీ చేస్తే ఆ ఒక్క పూట దొరుకుతుంది. తెల్లవారుజామునే బండెక్కుతాం. నాలుగైదు గంటలు ప్రయాణం చేసి అక్కడికి చేరేసరికి మనలాంటి వాళ్ళు వెయ్యి మంది ఉంటారు. బోటు యజమానికి వారం మొత్తం మీద బేరం ఆ రోజే. నలభై మంది ఎక్కాల్సిన చోట అరవై మంది ఎక్కుతారు. కాపలా మనిషి ఒక్కడే ఉంటాడు, జనం నాలుగు వైపులా దిగిపోతుంటారు. మబ్బు కమ్ముకొస్తున్నా, నీటి రంగు మారినా, గుంపులో ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు: "ఇంత దూరం వచ్చాం కదా!"

ఆ మాట వినపడినప్పుడల్లా నాకు గుండె దడ పుడుతుంది.

బియాస్ సంగతి చాలామందికి లీలగా గుర్తుండవచ్చు. అది ఎలా జరిగిందో మాత్రం మరిచిపోయాం. సాయంత్రం వేళ. మనాలీ దారిలో, మండీ జిల్లా తలౌట్ దగ్గర ప్రయాణం ఆపారు. కింద నది. పెద్ద పెద్ద బండరాళ్ళు, వాటి మధ్య సన్నగా పారే చల్లని నీరు. మన ఎండల్లో పెరిగిన పిల్లలకు ఆ నీళ్ళు చూస్తే ప్రాణం లేచొచ్చి ఉంటుంది. దిగారు. బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. కొద్ది దూరం ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు ఉంది. అక్కడి నుంచి నీరు వదిలారు. నిమిషాల్లో ఏరు నిండింది. ఒడ్డుకు దగ్గరగా ఉన్నవాళ్ళు ఎలాగో బయటపడ్డారు. నడిమి బండ మీద ఉన్నవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. ఇరవై నలుగురు పిల్లలూ, వాళ్ళతో వచ్చిన టూర్ మనిషీ కొట్టుకుపోయారు. కొందరు తల్లిదండ్రులు ఆ ఒడ్డున బిడ్డల శవాల కోసం వారాల తరబడి కాచుకుని కూర్చున్నారు.

వాళ్ళు ఈతకు దిగలేదు. వరదలోకి వెళ్ళలేదు. పొడిగా ఉన్న రాళ్ళ మీద నిలబడ్డారు, అంతే. ఆ నది ఏ గడియలో ఎలా ఉంటుందో వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

కాబట్టి నేను చెబుతున్నాను, దయచేసి మనసులో పెట్టుకోండి. బియాస్ కావచ్చు, అలకనంద కావచ్చు, తీస్తా కావచ్చు, హిమాలయాల నదుల మీద కరెంటు కోసం కట్టిన ఆనకట్టలు వరసగా ఉన్నాయి. అక్కడ నీరు పెరగడానికి వాన పడనక్కర్లేదు. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే గేటు లేవవచ్చు. సైరన్ మోగినా నది హోరులో వినపడకపోవచ్చు. వినపడినా అదేమిటో కొత్తవాళ్ళకు తెలియదు. అందుకని చెవుల కన్నా కళ్ళను నమ్ముకోండి. నది మధ్యలోని రాళ్ళు తెల్లగా, నున్నగా, గడ్డిపోచ కూడా మొలవకుండా ఉన్నాయా? నీరు వాటి మీదుగా తరచూ పారుతోందన్నమాట. పై రాళ్ళ సందుల్లో కొమ్మలు, గుడ్డపీలికలు, ప్లాస్టిక్ సంచులు ఇరుక్కుని ఉన్నాయా? నీరు అంత ఎత్తుకు వస్తుందన్నమాట. రాతి మీద మీ మోకాలి ఎత్తున తడి గీత ఉంటే, ఇందాకటి దాకా నీరు అక్కడే ఉంది. ఇవి మూడూ చూశాక కూడా ఆ రాళ్ళ మీదికి బిడ్డను పంపుతారా?

మనాలీ దాకా పోనక్కర్లేదు. శ్రీశైలంలో, సాగర్‌లో గేట్లు ఎత్తారంటే జనం తిరునాళ్ళలా వెళ్తారు. పైనుంచి చూసినంతసేపూ భయం లేదు. గేట్లు దించగానే దిగువన రాళ్ళు తేలతాయి, ఆ మడుగుల్లో చేపల కోసం, ఫొటోల కోసం కుర్రాళ్ళు దిగుతారు. దించిన గేటు మళ్ళీ ఎత్తరని వాళ్ళకు ఎవరు చెప్పారు? హంపి వెళ్ళేవాళ్ళదీ ఇదే కథ. రాయల రాజధాని చూడాలని మన తెలుగువాళ్ళు బస్సులు బస్సులుగా వెళ్తారు, చూసి తీరాల్సిన చోటు కూడా. అక్కడ తుంగభద్ర పైనున్న డ్యామ్ నీరు వదిలితే ఒడ్డున ఉన్న పురందరదాసు మంటపం నీళ్ళలో నిలబడుతుంది. ఆ మంటపం స్తంభాలకు నీరు తగిలిన రోజు పుట్టి ఎక్కకండి, స్నానానికి దిగకండి. 2024 ఆగస్టులో ఆ డ్యామ్ 19వ నంబరు గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. అది ఎవరూ వేళ చూసి ఎత్తిన గేటు కాదు. ఆనకట్ట దిగువన నీటి ఒడ్డుకు దగ్గరగా నిలబడేవాళ్ళు ఈ సంగతి ఒక్కటి తలచుకుంటే చాలు.

గోదావరి గురించి కాస్త ఎక్కువే చెబుతాను. నేను ఆ ఒడ్డున పెరిగినవాణ్ణి.

మా చిన్నప్పుడు మా రేవులో ఒక ముసలి సరంగు ఉండేవాడు. వరదల రోజుల్లో లాంచీ తీసే ముందు అతను చేసే పని ఒకటుంది. నీటి అంచున తడి ఇసుకలో ఒక పుల్ల గుచ్చేవాడు. పక్కనే గొంతుక్కూర్చుని చుట్ట ముట్టించేవాడు. చుట్ట సగం కాలాక పుల్ల వంక చూసేవాడు. పుల్ల మొదలు నీళ్ళలోకి వచ్చేస్తే లేచి పంచె దులుపుకుని, "ఈ పూట లేదండి" అనేసేవాడు. ఒకసారి మా నాన్నగారికి రాజమండ్రిలో కోర్టు వాయిదా. చాలా కోప్పడ్డారు, రెట్టింపు ఇస్తానన్నారు. సరంగు కదల్లేదు. "వాయిదాదేముందండి బాబూ, కోర్టు ఇంకోటి ఇస్తాది. ఏరు ఇవ్వదండి" అన్నాడు. నాన్నగారు తిరిగొచ్చేశారు. ఆ రోజు గోదాట్లో ఏ ప్రమాదమూ జరగలేదు. అయినా ఆ సరంగు చేసిన పని తప్పని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

అలా "ఈ పూట లేదండి" అనే మనిషి కచ్చులూరు బోటుకు దొరకలేదు. గండిపోచమ్మ గుడి దగ్గర బయల్దేరిన బోటు. పాపికొండలు చూడాలని వచ్చినవాళ్ళు. ఇక్కడ ఒక లెక్క వినండి. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల క్యూసెక్కుల దగ్గర. ఆ రోజు గోదావరిలో పారుతున్నది సుమారు 5 లక్షలు. హెచ్చరికకు సగం. కాబట్టి ఫరవాలేదనుకున్నారు. కానీ ఆ హెచ్చరికలు లంకల్లో, ఒడ్డున బతికే ఊళ్ళ కోసం పెట్టుకున్నవి. ఊళ్ళకు ముప్పులేని నీరు బోటుకూ ముప్పులేనిదని వాటి అర్థం కాదు. పైన మైదానంలో మైళ్ళ వెడల్పున పారే గోదావరి పాపికొండల మధ్యకు వచ్చేసరికి ఇరుకున పడుతుంది. అదే నీరు ఇరుకులో వేగం అందుకుంటుంది, కొండ మలుపుల్లో సుడులు తిరుగుతుంది. కచ్చులూరు మలుపు అలాంటిదే. చుట్టుపక్కల గూడేల గిరిజనులు తమ నాటు పడవలు వేసుకుని సుడుల్లోకి వెళ్ళి పాతికమందికి పైగా బయటికి లాగారు. వాళ్ళే లేకపోతే ఆ పాతికమందీ ఇవాళ లేరు. మునిగిన బోటును ధర్మాడి సత్యం బృందం ఒడ్డుకు చేర్చేసరికి అయిదు వారాలు దాటింది.

ఇంకో సంగతి. ఆ బోటులో ఎంతమంది ఉన్నారో మొదట ఎవరికీ తెలియలేదు. అరవై ఒకరన్నారు, డెబ్భై మూడన్నారు, చివరికి డెబ్భై ఏడన్నారు. లెక్క లేకపోతే వెతికేవాళ్ళు ఎప్పుడు ఆపాలో కూడా తెలియదు. కాబట్టి ఎక్కే ముందు మీ పేరు, ఫోన్ నంబరు ఎవరైనా రాసుకున్నారా చూడండి. రాసుకోకపోతే అడిగి రాయించండి. ఇంటికి ఒక సందేశం పెట్టండి: ఏ రేవు, ఏ బోటు, మనవాళ్ళు ఎంతమంది. దానికి అర నిమిషం పడుతుంది.

లైఫ్ జాకెట్ గురించి. అది ఇస్తారు, మనం ఏం చేస్తాం? మెడలో తగిలించుకుని ఫొటో దిగుతాం. ఉక్కగా ఉందని విప్పి సీటు మీద వేస్తాం. పిల్లవాడు దాని మీద కూర్చుంటాడు. అన్నాల వేళకు అది దిండు అవుతుంది. ఒకసారి దాన్ని చేత్తో పట్టుకుని చూడండి. క్లిప్పులు మూడూ పడుతున్నాయా? లోపలి స్పాంజి నలిగి అట్టలా అయిపోయిందా? బెల్టు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి పైకి వచ్చేస్తే అది మీకు సరిపోనిదే. నీళ్ళలో పడగానే జాకెట్ ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు పోతారు. పెద్దవాళ్ళ జాకెట్ పసివాడికి తొడిగి బాగుందనుకోవద్దు. పిల్లల కొలత జాకెట్ లేదంటే ఆ బోటు మీ కుటుంబానికి కాదు.

2018 మే నెలలో, కచ్చులూరు ఉన్న దేవీపట్నం మండలంలోనే మరో లాంచీ మునిగింది. పెళ్ళిళ్ళకూ సంతకూ పోయొచ్చే కొండ ఊళ్ళ జనం దాంట్లో ఉన్నారు. ఈదురుగాలి, వాన. తడుస్తామని తలుపులు వేసుకున్నారు. లాంచీ ఒరిగింది. తలుపులు వేసి ఉన్న గదిలో నుంచి ఎటు వస్తారు? అందుకే చెబుతున్నాను, తడిస్తే తడవండి. గాలివానలో బోటు కింది గదిలో తలుపులు వేసుకుని కూర్చోకండి. ఎక్కగానే బయటికి దారి ఎటో చూసుకోండి. మొసలి కనపడిందనో కొండ బాగుందనో అందరూ ఒకే పక్కకు ఉరకకండి.

పాపికొండల దారి ఇప్పుడు మా నాన్నగారి నాటిది కాదు. పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక వెనక నీరు నిలిచి, వరద కాలంలో దేవీపట్నం ఇళ్ళలోకి, గండిపోచమ్మ గుడిలోకి నీళ్ళు వస్తున్నాయి. ఎక్కడ ఇసుక దిబ్బ, ఎక్కడ రాయి, ఎక్కడ లోతు అని తాతల నుంచి వచ్చిన లెక్కలు చాలా చోట్ల తప్పిపోయాయి. కచ్చులూరు ప్రమాదం తరవాత ప్రభుత్వం బోట్లకు కంట్రోల్ రూములు పెట్టింది, మంచి పనే. వాళ్ళు ఈ రోజు బోట్లు లేవంటే వాళ్ళతో వాదించకండి. "మేం చాలా దూరం నుంచి వచ్చాం" అని బతిమాలకండి. ఎమ్మెల్యేగారి మనుషులమని ఫోన్లు చేయించకండి. ఆ చిరుద్యోగి ధైర్యంగా వద్దన్నందుకు ఒక దండం పెట్టి వెనక్కి రండి.

ఇక జలపాతాలు. కుంటాల, బొగత, తలకోన, అనంతగిరి మన్యంలో పేరున్నవీ లేనివీ ఎన్నో. జలపాతం దగ్గర ఎండ కాస్తూ ఉంటుంది. వాన పడేది పైన, మీకు కనపడని అడవిలో. అరగంట తరవాత ఆ నీరు మీ దగ్గరికి వస్తుంది. వచ్చే ముందు చెప్పే వస్తుంది, మనం వినాలి. తేటగా ఉన్న నీరు టీ రంగుకు తిరుగుతుంది. ఎండుటాకులు, పుల్లలు, నురగ రావడం మొదలవుతుంది. ఇందాకటి శబ్దం కాస్త బరువెక్కుతుంది. మీరు కూర్చున్న రాయి చివర తడుస్తుంది. వీటిలో ఒక్కటి కనపడినా లేవండి. చెప్పులు, సంచులు, బిర్యానీ గిన్నె అక్కడే వదిలేయండి. వచ్చిన దారికి కాదు, ముందు ఎత్తుకు పోండి. లోనావాలాలో ఆ కుటుంబం పారే నీటి మధ్య ఒకరినొకరు కరుచుకుని నిలబడిన వీడియో దేశమంతా చూసింది. ఒడ్డున జనం ఉన్నారు. చెయ్యి అందించడానికి మాత్రం దారి లేదు. ఒక్క ఘనమీటరు నీరు వెయ్యి కిలోలు తూగుతుంది. మోకాలి లోతు నీరైనా ఉరవడిగా వస్తే బలమైన మనిషిని కూడా పడదోస్తుంది. కాళ్ళ కింద పాచి పట్టిన రాయి ఉంటే అంత కూడా అక్కర్లేదు.

2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార చూడ్డానికి వెళ్ళిన ఎనభై మందికి పైగా పర్యాటకులు, తిరిగొచ్చేసరికి దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. చీకటి, వాన, పిల్లలు. వాళ్ళు ఫోన్ చేసి సాయం అడిగారు. జాతీయ విపత్తు స్పందన దళం రాత్రికి రాత్రి వచ్చి అందరినీ బయటికి తెచ్చింది. అడవిలో ఒక రాత్రి తడిసి, ఆకలితో, దోమల మధ్య గడపడం నరకమే. కానీ పొంగిన వాగు ఒక రాత్రికి, మహా అయితే ఒక రోజుకు తగ్గుతుంది. వాగుకు అవతల కారు ఉందని, ఇంటి దగ్గర తిడతారని అందులోకి దిగకండి. 112కు ఫోన్ చేయండి, ఎత్తైన చోట కూర్చోండి, ఫోన్లో ఛార్జింగ్ దాచుకోండి.

జలపాతం కింద గుండం ఉంటుంది. పైకి నున్నగా, చల్లగా, అద్దంలా కనపడుతుంది. పైనుంచి పడే నీరు అడుగున రాతిని తొలిచి బానలు చేసి ఉంటుంది. ఆ లోతు నిరుడు ఉన్నట్టు ఈ ఏడు ఉండదు. స్విమ్మింగ్ పూల్‌లో నేర్చిన ఈత అక్కడ కొంతే పనికొస్తుంది, మందు తాగాక అసలు పనికిరాదు. బండ మీది నుంచి దూకి వీడియో తీయించుకునే పిల్లలూ, మీరు దూకే ముందు ఆ నీటి అడుగు చూశారా? చూడకుండా దూకకండి నాయనా. మెడ విరిగితే అది అతకదు.

సముద్రం గురించి రెండు మాటలే. యారాడ, రుషికొండ, సూర్యలంక, ఎక్కడైనా సరే, అలలు విరుగుతున్న చోట్ల మధ్య ఒక జాగా ప్రశాంతంగా, అలలు లేకుండా కనపడుతుంది. పసివాళ్ళకు అదే మంచి చోటని అక్కడే దింపుతాం. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి తరచూ అదే. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలిసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి. ఈత రాకపోతే మోకాళ్ళ దగ్గరే ఆగండి. కార్తీక పౌర్ణమికి స్నానం పుణ్యమే; చెంబుతో పోసుకున్నా ఆ పుణ్యం తగ్గదు.

పాత వంతెనలను తలచుకుంటే నా భయం ఇంకా పెద్దది, ఎందుకంటే అక్కడ మనం నీళ్ళకు దూరంగా ఉన్నామనుకుంటాం. మోర్బీ వంతెన బ్రిటిష్ కాలం నాటిది, ఊరికి గర్వకారణం. మరమ్మతు చేసి మళ్ళీ తెరిచిన నాలుగో రోజున తెగింది. దీపావళి సెలవులు, పిల్లా పాపలతో జనం. పుణె దగ్గరి వంతెన ప్రమాదకరమని బోర్డు ముందే ఉంది. దాని మీదే జనం కిక్కిరిసి, మోటారుసైకిళ్ళు కూడా ఎక్కించారు. ఇలాంటి చోట్ల ఒక్కటే గుర్తు పెట్టుకోండి: వంతెన మీద మనుషులు భుజం భుజం రాసుకుంటూ నడుస్తున్నారంటే ఎక్కకండి. ఊగుతుంటే ఇంకా ఊపేవాళ్ళు ఉంటే, ఎక్కినవాళ్ళు కూడా దిగిపోండి. గండికోటలో పెన్న లోయ అంచున నిలబడేవాళ్ళకూ ఇదే మనవి. ఆ ఎర్రరాళ్ళు పేర్చినట్టు ఉంటాయి, చాలా చోట్ల కటకటాలు లేవు, ఫొటో తీసేవాడు "ఇంకాస్త వెనక్కి" అంటూనే ఉంటాడు.

నీళ్ళలో పడ్డవాడు సినిమాలోలా అరుస్తాడని చాలామంది అనుకుంటారు. మునిగేవాడు అరవడు. నోరు నీటి మట్టానికి వచ్చి మునుగుతూ తేలుతూ ఉంటుంది, ఊపిరి తీసుకోవడానికే సందు చాలదు, కేక ఎక్కడిది? చేతులు ఊపడు, నీటిని కిందికి నొక్కుతుంటాడు. చూసేవాళ్ళకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఒక్క నిమిషంలో అయిపోతుంది. మన దేశంలో ఏటా ముప్పై వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. అందుకే పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి ఏ పనీ పెట్టుకోకుండా వాళ్ళనే చూస్తూ కూర్చోవాలి. వంతులు వేసుకోండి. ఆ వంతు ఉన్నవాళ్ళ చేతిలో ఫోన్ ఉండకూడదు.

ఒకరు జారితే వెంటనే ఇంకొకరు దూకుతారు. తమ్ముడి కోసం అన్న, అన్న కోసం స్నేహితుడు. మన పేపర్లలో "నలుగురు గల్లంతు" అని చదివే వార్తల్లో చాలావాటి వెనక ఇదే జరిగి ఉంటుంది. ఆ ప్రేమకు చేతులెత్తి దండం పెట్టాలి, కానీ ఆ దూకుడును ఆపాలి. చీర విసరండి, పంచె విసరండి, రెండు చున్నీలు ముడేసి విసరండి. మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాన్ మనిషిని తేలుస్తుంది. పొడుగాటి కర్ర అందించండి, అదీ పడుకుని అందించండి, నిలబడితే మీరూ వెళ్తారు. బయటికి తెచ్చాక కడుపు నొక్కడం, తలకిందులుగా తిప్పడం చేయకండి. విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి గాలి ఊదండి. ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కండి. ఇంకొకరు 108కి చేయాలి. ఇది నేర్చుకోవడానికి ఒక పూట చాలు. ప్రతి కాలేజీలో విహారయాత్రకు ముందు ఆ ఒక్క పూట కేటాయించమని అధ్యాపకులను వేడుకుంటున్నాను.

అధ్యాపకులకే ఇంకో మాట. నలభై మంది పిల్లలను తీసుకెళ్ళేటప్పుడు, దారిలో అనుకోకుండా ఎక్కడా నీళ్ళ దగ్గర బండి ఆపనివ్వకండి. పిల్లలు అలుగుతారు, డ్రైవరు నవ్వుతాడు. కానివ్వండి. ఊరివాళ్ళను అడగకుండా ఏ నీళ్ళలోకీ దింపకండి. చాయ్ కొట్టువాడు, మేకలు కాసే ముసలమ్మ, వాళ్ళకు తెలిసినంత మన ఫోన్లకు తెలియదు.

పంచాయతీ పెద్దలారా, అటవీ, పర్యాటక శాఖల అధికారులారా, మీ మీద నింద వేయడానికి ఇది రాయలేదు. మీకు మనుషులు తక్కువని, నిధులు తక్కువని తెలుసు. ముప్పై గజాల తాడు, గాలి నింపిన లారీ ట్యూబు ఒక చెట్టుకు కట్టి ఉంచడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. నీరు ఎంతవరకు వస్తుందో రాతి మీద ఎర్రరంగు గీత గీయండి. బోర్డు తుప్పు పట్టకముందే మళ్ళీ రాయించండి. అక్కడ ఎంతమంది చనిపోయారో ఆ బోర్డు మీద అంకె వేయండి. జనం ఆ అంకె దగ్గర ఆగుతారు. ఊరి ఈతగాళ్ళలో ఇద్దరికి ఆదివారాలు కూలి కట్టి కూర్చోబెట్టండి.

బోటు నడిపే అన్నలారా, మీకూ పిల్లలున్నారు. ఒక ట్రిప్పు పోతే పోతుంది.

రీల్స్ తీసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, కొత్త జలపాతం చూపించినప్పుడు అక్కడికి చేరే దారితో పాటు ప్రమాదం ఎక్కడుందో కూడా చూపించండి. మీ వీడియో చూసి వచ్చేవాడికి ఆ చోటు గురించి మీరు చెప్పిందే తెలుస్తుంది.

ఇంట్లో పెద్దలుంటే, ఈ ఆదివారం వాళ్ళను కూడా తీసుకెళ్ళండి. "వద్దురా, ఇటు రండి" అనే గొంతు గుంపులో ఒకటి ఉండాలి. పెద్దలు లేకపోతే ఆ గొంతు మీరే అవ్వండి. మిమ్మల్ని పిరికివాడంటారు, సరదా చెడగొట్టావంటారు. అననివ్వండి. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, అప్పుడప్పుడూ దాని వంక చూస్తూ ఉండండి. బండి దిగినప్పుడు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి. సాయంత్రం మళ్ళీ లెక్కపెట్టుకుని, అందరూ ఉన్నాకే బండెక్కండి.